ఆర్‌లో బబుల్ చార్టు: ఉత్తరప్రదేశ్ పక్కన సిక్కిం బుడగ ఇంత పెద్దదిగా ఎందుకు వస్తోంది?

తుంగభద్ర (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా కార్యాలయంలో కొత్తగా చేరినవారికి గణాంకాలను బొమ్మలుగా చూపడం నేర్పే బాధ్యత ఈ నెల నాపై పడింది. ఉదాహరణగా 2011 జనగణన నుంచి రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు కలిపి 35 వరుసల పట్టిక ఒకటి తయారు చేసుకుని, ఆర్ భాషలో ప్లాట్లీ ప్యాకేజీతో వెబ్‌లో కదిలే బబుల్ చార్టు గీశాను. అడ్డంగా జనసాంద్రత, నిలువుగా అక్షరాస్యత, బుడగ పరిమాణం జనాభా, రంగు ప్రాంతం. చూడటానికి బాగానే ఉంది కానీ, ఒక కుర్రవాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఉత్తరప్రదేశ్ జనాభా 19.98 కోట్లు, సిక్కిం జనాభా 6.1 లక్షలు, అంటే దాదాపు 327 రెట్ల తేడా. నా తెరపై మాత్రం సిక్కిం బుడగ ఉత్తరప్రదేశ్ బుడగలో పదో వంతు ఉన్నట్టు కనిపిస్తోంది.

ఇది చాలదన్నట్టు, ఢిల్లీ సాంద్రత చదరపు కిలోమీటరుకు 11,320, అరుణాచల్ ప్రదేశ్‌ది 17 కావడంతో మిగిలిన బుడగలన్నీ ఎడమ అంచున ఇరుక్కుపోయాయి. లాగ్ స్కేలు (ప్రతి మెట్టూ పది రెట్లు పెరిగే కొలత) పెట్టి, అక్షం హద్దులు 10 నుంచి 12,000 అని ఇచ్చాను. బుడగలన్నీ మాయమయ్యాయి. చివరకు హద్దులు తీసేసి, ఆ ఫైలును మా మేనేజరు గారికి మెయిల్ చేస్తే, ఆయన ఇంటికి వెళ్తూ పర్పుల్ లైన్ మెట్రోలో ఫోనులో తెరిచి, "తెల్ల కాగితం పంపించావేమిటయ్యా?" అని సందేశం పెట్టారు. పెద్దలు దయచేసి దారి చూపగలరు.

పెన్నేరు (యలహంక)

తుంగభద్ర గారూ, ముందు మీ రెండో సమస్య, ఎందుకంటే అది ఒక్క వాక్యంలో తీరిపోతుంది. ప్లాట్లీలో అక్షం రకం లాగ్ అని చెప్పిన తరువాత హద్దులను అసలు విలువల్లో కాక పది ఘాతాల్లో ఇవ్వాలి. మీరు ఇచ్చిన 10 అనే అంకెను అది పదికి పదో ఘాతంగా, అంటే వెయ్యి కోట్లుగా చదువుకుంది. అంత సాంద్రత గల రాష్ట్రం ఏదీ లేదు కనుక చార్టు ఖాళీగా వచ్చింది. 1 నుంచి 4.2 వరకు అని ఇస్తే 10 నుంచి సుమారు 15,800 వరకు వస్తుంది, ఢిల్లీ కూడా ఇముడుతుంది.

ఇక అసలు విషయం. మన వేదిక నియమం ప్రకారం ఆదేశాల పేర్లను తెలుగు లిపిలోనే రాస్తున్నాను, ఉచ్చారణను బట్టి పోల్చుకోండి. మీరు జనాభాను "సైజ్" అనే వాదానికి (ఆర్గ్యుమెంట్‌కు) అప్పగించి, "సైజెస్"ను ముట్టుకోకుండా వదిలేసి ఉంటారు. అలా వదిలేస్తే ఆర్‌లోని ప్లాట్లీ మీ పట్టికలోని అతి చిన్న విలువను 10కి, అతి పెద్ద విలువను 100కి తెచ్చి, మిగిలినవాటిని ఆ రెంటి మధ్య సర్దేస్తుంది. మీ పట్టికలో అతి చిన్నది 64,473 మంది ఉన్న లక్షద్వీప్. దానికి 10 దక్కింది. సిక్కిం లెక్క కట్టి చూడండి: 10కి పైన, మిగిలిన 90లో వెయ్యికి సుమారు మూడు వంతులు, అంటే 10.25. ఉత్తరప్రదేశ్‌కు 100. మీ కుర్రవాడు చూసిన పదో వంతు ఇదే. లోపం అతని కంటిలో లేదు, మీ పట్టికలో లేదు. సున్నా జనాభాకు సున్నా బుడగ అనే ఆధారం ఈ సర్దుబాటులో తెగిపోయింది, అంతే.

పరిష్కారం ఏమిటంటే "సైజ్" వాదాన్ని పూర్తిగా వదిలేసి, "మార్కర్" జాబితాలో జనాభాను నేరుగా పరిమాణంగా ఇవ్వండి. దానితోపాటు "సైజ్‌మోడ్" అనే చోట "ఏరియా" అని రాయండి. బ్రౌజర్‌లో చార్టు గీసే జావాస్క్రిప్టు వైపు ప్లాట్లీ, మనం ఏమీ చెప్పకపోతే, విలువను వ్యాసంగా తీసుకుంటుంది కనుక ఈ మాట తప్పనిసరి. తరువాత "సైజ్‌రెఫ్", అంటే విలువలను పిక్సెళ్ళకు తెచ్చే భాజకం. దాని సూత్రం: అతి పెద్ద విలువను రెండుతో హెచ్చించి, మీరు కోరుకునే అతి పెద్ద వ్యాసం వర్గంతో భాగించాలి. ఉత్తరప్రదేశ్ బుడగ 60 పిక్సెళ్ళు ఉండాలనుకుంటే 19,98,12,341ను రెట్టింపు చేసి 3,600తో భాగించండి. సుమారు 1,11,007 వస్తుంది. ఆ అంకెతో గీస్తే సిక్కిం వ్యాసం 3.3 పిక్సెళ్ళు అవుతుంది. కొలిచి చూసుకోండి, వైశాల్యంలో సరిగ్గా 327 రెట్లు.

లెక్కల_బడి (జయనగర్)

పెన్నేరు గారి లెక్క సరిగ్గా ఉంది. అయితే వ్యాసం, వైశాల్యం తేడాను కొత్తవారికి చూపాలంటే ఒక తప్పు చార్టును కావాలనే గీసి పక్కన పెట్టమని నా సలహా. జనాభాను వ్యాసానికి ముడిపెడితే, ఉత్తరప్రదేశ్ 60 పిక్సెళ్ళు ఉన్నప్పుడు సిక్కిం 0.18 పిక్సెల్ అవుతుంది, అంటే లేనట్టే. వైశాల్యంలో తేడా లక్ష రెట్లు దాటిపోతుంది. మనిషి కన్ను వృత్తాన్ని చూసినప్పుడు వ్యాసాన్ని కొలవదు, పరుచుకున్న రంగును చూస్తుంది. 1801లో గణాంక చార్టులకు ఆద్యుడైన విలియం ప్లేఫేర్ యూరప్ దేశాల విస్తీర్ణాన్ని వృత్తాలుగా గీసినప్పుడే వైశాల్యాన్ని ఆధారంగా తీసుకున్నాడు. రెండు శతాబ్దాల తరువాత కూడా మన సాఫ్ట్‌వేర్లు వ్యాసాన్ని అప్రమేయంగా (మనం ఏమీ చెప్పకపోతే వాడే పద్ధతిగా) పెట్టుకోవడం నాకు మింగుడుపడని విషయం.

ఇంతకీ, ఈ చార్టుకు బుడగలు కావాలా అనే ప్రశ్న ఎవరూ అడగలేదు. 1984లో గణాంక శాస్త్రవేత్తలు క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ చేసిన ప్రయోగాల్లో, ఒకే గీతపై ఉన్న స్థానాలను పోల్చడంలో మనుషులు చాలా తక్కువ పొరబాటు చేస్తారనీ, వైశాల్యాలను పోల్చడంలో ఎక్కువ పొరబాటు చేస్తారనీ తేలింది. రాష్ట్రాల జనాభాను పోల్చడమే పాఠమైతే అడ్డపట్టీల చార్టు గీసి ఊరుకోవచ్చు.

పెన్నేరు

జనాభాను పోల్చడమే పాఠమైతే మీతో ఏకీభవిస్తాను. ఇక్కడ పాఠం అది కాదు. సాంద్రతకూ అక్షరాస్యతకూ సంబంధం ఉందా అని చూస్తున్నప్పుడు, ఆ చుక్క వెనుక అరవై వేల మంది ఉన్నారా ఇరవై కోట్ల మంది ఉన్నారా అన్నది పక్కనుంచి వినిపించవలసిన మాట. కేరళ 94 శాతంతో పైన, బీహార్ 61.8 శాతంతో కింద ఉన్నాయి. సాంద్రతలో మాత్రం బీహార్ 1,106, కేరళ 860. రెండూ ఇరుకైన రాష్ట్రాలే. ఈ జంటను పట్టీల చార్టులో చూపలేరు. ముఖ్యమైన కొలతలు రెండూ స్థానాలుగా ఉన్నాయి, మూడోది మాత్రమే వైశాల్యం. క్లీవ్‌లాండ్ గారి వరుసకు ఇందులో అపచారం ఏమీ లేదు.

లెక్కల_బడి

ఒప్పుకుంటున్నాను. అయితే ఒక షరతు: ఏ బుడగ ఎంత జనాభాకు సమానమో చెప్పే కొలబద్ద చార్టులోనే ఉండాలి. ప్లాట్లీ రంగులకు వివరణ పెట్టె ఇస్తుంది కానీ పరిమాణాలకు ఇవ్వదు. ఆర్‌లోని మరో చార్టుల ప్యాకేజీ జీజీప్లాట్2లో గీసి, "జీజీప్లాట్లీ"తో వెబ్‌కు మార్చినప్పుడు కూడా, మొదట ఉన్న పరిమాణాల వివరణ మార్పిడిలో రాలిపోతుంది.

మల్లేశ్వరం_ఫిల్టర్‌కాఫీ

ఆ కొలబద్దను చేత్తో చేసుకోవడం పెద్ద పని కాదు. చార్టు కుడివైపు కింది మూల ఖాళీగా ఉంటే అక్కడ మూడు బూడిదరంగు వృత్తాలను వేరే పొరగా, అదే సైజ్‌రెఫ్‌తో గీయండి. 1 కోటి, 5 కోట్లు, 15 కోట్లు అని పెట్టుకుంటే, ఉత్తరప్రదేశ్ 60 పిక్సెళ్ళు ఉన్న లెక్కలో వాటి వ్యాసాలు దాదాపు 13, 30, 52 పిక్సెళ్ళు అవుతాయి. బుడగల పరిమాణం పిక్సెళ్ళలో ఉంటుంది కనుక పాఠకుడు చార్టును పెద్దది చేసి చూసినా అవి ఉబ్బవు, కొలబద్ద చెడదు. అయితే అలా పెద్దది చేసినప్పుడు ఆ మూల తెర బయటకు జరిగిపోతుంది. అందుకే నేను వాటిని ప్రధాన అక్షాల మీద కాక, పక్కన ఇరుకుగా ఉండే రెండో అక్షాల జత మీద గీస్తాను. మౌస్ పెట్టినా స్పందించకుండా ఆ పొరకు "హోవర్‌ఇన్‌ఫో"ను "స్కిప్" చేయడం మరవకండి. లేకపోతే "15 కోట్లు" అనే రాష్ట్రం ఏదని ఎవరో ఒకరు అడుగుతారు. నన్ను అడిగారు.

మీ మేనేజరు గారి తెల్ల కాగితం సంగతి కూడా నాకు అనుభవమే. చార్టును దాచేటప్పుడు "సేవ్‌విడ్జెట్" ఆదేశంలో "సెల్ఫ్‌కంటెయిన్డ్" అన్నదానికి "ఫాల్స్" ఇచ్చి ఉంటారు. అప్పుడు హెచ్‌టీఎంఎల్ ఫైలు పక్కనే ఒక ఫోల్డరు తయారై జావాస్క్రిప్టు అంతా అందులోకి వెళ్తుంది. మీరు ఫైలును మాత్రమే మెయిల్‌కు జోడించారు, ఫోల్డరు మీ కంప్యూటర్‌లోనే మిగిలిపోయింది. "ట్రూ" అని ఇస్తే అన్నీ ఒకే ఫైలులో కలుస్తాయి. దీనికి పాన్‌డాక్ (ఫైళ్ళను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే ప్రోగ్రాము) అవసరం. ఆర్ కోడు రాసుకునే ఆర్‌స్టూడియోలో అది కలిసే వస్తుంది కనుక తెలియదు, అదే కోడును సర్వర్ మీద టెర్మినల్ నుంచి నడిపితే లోపం చూపిస్తుంది.

ఒకే ఫైలు చేస్తే మరో ఇబ్బంది ఉంది. ప్లాట్లీ జావాస్క్రిప్టు మొత్తం 3 మెగాబైట్లకు పైగా ఉంటుంది. 35 బుడగల కోసం త్రిమితీయ చిత్రాలు, మ్యాపులు గీసే కోడు కూడా మోయడం ఎందుకు? "పార్షియల్_బండిల్" ఆదేశం గుండా పంపితే ఈ చార్టుకు కావలసిన భాగమే మిగిలి, ఆ బరువు దాదాపు 1 మెగాబైటుకు దిగుతుంది. సొరంగంలో సిగ్నల్ పోయే మన మెట్రోకు ఈ తేడా చిన్నది కాదు.

తుంగభద్ర

అందరికీ కృతజ్ఞతలు. ఫోల్డరు సంగతి నిజమే, అది నా డెస్క్‌టాప్ మీద నిక్షేపంగా ఉంది. లాగ్ హద్దులు, సైజ్‌రెఫ్ మార్చాను, అంకెలు సరిగ్గా వచ్చాయి. ఇప్పుడు కొత్త చిక్కు. రాష్ట్రాల పేర్లను తెలుగులో పెట్టాలని ఎక్సెల్‌లో టైపు చేసి సీఎస్‌వీగా దాచాను. ఆర్‌లో తెరిస్తే కొన్నిచోట్ల ప్రశ్నార్థకాలు వచ్చాయి. యూటీఎఫ్-8 (అన్ని లిపుల అక్షరాలనూ దాచే పద్ధతి) రకంగా దాచి మళ్ళీ చదివిస్తే అక్షరాలు కుదిరాయి కానీ, మొదటి నిలువు వరుస పేరు ముందు ఏవో చెత్త గుర్తులు చేరి, ఆ పేరుతో పిలిస్తే "అలాంటి వరుస లేదు" అంటోంది.

సున్నపురాయి (కృష్ణరాజపురం)

ఆ చెత్త గుర్తులు ఎక్సెల్ ఫైలు మొదట్లో పెట్టే మూడు బైట్ల ముద్ర. "రీడ్ సీఎస్‌వీ" ఆదేశంలో "ఫైల్‌ఎన్‌కోడింగ్"కు "యూటీఎఫ్-8-బీఓఎం" అని ఇవ్వండి, లేదా రీడర్ ప్యాకేజీతో చదవండి. అది ఆ ముద్రను తనంతట తానే తీసేస్తుంది. మీది విండోస్ అయితే ఆర్ 4.2.0 గాని, ఆ తరువాతి వెర్షన్ గాని ఉండేలా చూసుకోండి. 2022లో వచ్చిన ఆ వెర్షన్‌తోనే విండోస్‌లో ఆర్ యూటీఎఫ్-8ను సొంత భాషగా స్వీకరించింది. అంతకుముందు "తమిళనాడు" అని అడిగితే కోణపు గుర్తుల మధ్య "యూ+0సీ24" అంటూ మొదలయ్యే సంఖ్యల దండ చేతికి వచ్చేది. మన "త"కు యూనికోడ్‌లో ఉన్న నంబరు అది.

వెబ్ చార్టు వల్ల మనకు ఒక లాభం ఉంది. పీఎన్‌జీ బొమ్మగా దాచినప్పుడు "ఛత్తీస్‌గఢ్"లో ఒత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడటం చాలామంది చూసే ఉంటారు. బ్రౌజర్‌లో అక్షరాలను కూర్చేది బ్రౌజరే కనుక ఒత్తులు చెదరవు. లేఅవుట్‌లో ఫాంటుగా "నోటో సాన్స్ తెలుగు" పెట్టి, పేజీలో ఆ ఫాంటును జోడిస్తే చాలు.

మౌస్ పెట్టినప్పుడు కనిపించే పెట్టె గురించి కూడా ఒక మాట. ప్లాట్లీ సంఖ్యలను వేల పద్ధతిలో విడగొడుతుంది: 199 తరువాత కామా, 812 తరువాత కామా. మన కంటికి 19.98 కోట్లు అని ఉండాలి. దాని ఆకృతి సూత్రాలతో కుస్తీ పట్టే బదులు ఆర్‌లోనే కోట్లు, లక్షలుగా మార్చిన వాక్యాన్ని కొత్త నిలువు వరుసగా చేసుకుని, "హోవర్‌టెంప్లేట్"లో దానినే చూపించండి. చివర ఖాళీ "ఎక్స్‌ట్రా" ట్యాగు పెట్టకపోతే పక్కన మరో చిన్న పెట్టె అనవసరంగా వేలాడుతుంది.

కృష్ణా_తీరం (బెల్లందూర్)

చర్చ బాగుంది. ఒక సందేహం: ఈ పట్టికలో తెలంగాణ ఎక్కడ?

తుంగభద్ర

2011 జనగణన నాటికి తెలంగాణ ఏర్పడలేదు కనుక 8.46 కోట్లతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకే బుడగగా ఉంది. జిల్లాల అంకెలు కూడి విడదీయవచ్చు. తెలంగాణ దాదాపు 3.5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 4.9 కోట్లు వస్తాయి. అక్షరాస్యతను మాత్రం జిల్లాల శాతాల సగటుగా తీయకూడదు. అక్షరాస్యుల సంఖ్యనూ, ఏడేళ్ళు, అంతకు పైబడినవారి జనాభానూ విడివిడిగా కూడి భాగించాలి. ఈ పని చేయకుండా పట్టికకు "2011 నాటి సరిహద్దులు" అని శీర్షిక పెట్టాను. మా తరగతిలోని వరంగల్ అమ్మాయి దానికి సంతృప్తి పడలేదు.

కృష్ణా_తీరం

ఆమె పక్షమే నేనూ. ఇంకొక ప్రశ్న. 2001, 2011 రెండింటినీ పెట్టి ప్లే మీట నొక్కితే బుడగలు కదిలేలా చేయవచ్చా? 2006లో స్వీడన్ వైద్యుడు హాన్స్ రోస్లింగ్ ప్రసంగంలో చూపిన చార్టు లాంటిది.

పెన్నేరు

చేయవచ్చు. "ఫ్రేమ్"కు సంవత్సరం, "ఐడీస్"కు రాష్ట్రం పేరు ఇస్తే ప్లే మీట, జారుడు పట్టీ వాటంతట అవే వస్తాయి. ఐడీస్ ఇవ్వడం మరచిపోతే ఏ బుడగ ఎవరిదో ప్లాట్లీకి తెలియక, వరుసల క్రమాన్ని బట్టి ఒక రాష్ట్రపు బుడగను మరో రాష్ట్రపు స్థానానికి జరుపుతుంది. 2001 పట్టికను అక్షరక్రమంలో, 2011 పట్టికను జనాభా క్రమంలో పెట్టుకున్న నాకు గోవా వెళ్ళి మహారాష్ట్రగా మారడం కనిపించింది.

అయితే రెండు సంవత్సరాలకు యానిమేషన్ దండగ. ప్రతి రాష్ట్రానికీ 2001 నుంచి 2011కు ఒక సన్నని గీత గీస్తే మార్పు అంతా ఒకే చూపులో తెలుస్తుంది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడటంతో మూడో ఫ్రేమ్ కూడా మన చేతిలో లేదు. కదలిక నేర్పాలంటే ఆర్‌లో గ్యాప్‌మైండర్ అనే ప్యాకేజీ ఉంది. 142 దేశాలు, 1952 నుంచి 2007 వరకు అయిదేళ్ళకు ఒకటి చొప్పున 12 సంవత్సరాలు, మొత్తం 1,704 వరుసలు. భారత్ ఆయుర్దాయం 37.4 ఏళ్ళ నుంచి 64.7 ఏళ్ళకు ఎదగడం అందులో చూడవచ్చు. కదలిక గతుకులుగా ఉంటే "యానిమేషన్_ఆప్ట్స్"లో "రీడ్రా"ను ఆపేయండి. ప్రతి ఫ్రేముకూ చార్టు మొత్తం తిరిగి గీయడం మానేస్తుంది.

లెక్కల_బడి

అదే పట్టికలో 1992 ఫ్రేము దగ్గర ఆపి రువాండాను చూడండి. ఆయుర్దాయం 23.6 ఏళ్ళు, ఆ 1,704 వరుసల్లోకెల్లా అతి తక్కువ. నేను ప్లే నొక్కి తరగతికి మూడుసార్లు చూపించాను, ఇరవై మందిలో ఒక్కరు కూడా ఆ పతనాన్ని గమనించలేదు. అందరి కళ్ళూ చైనా, భారత్ బుడగల వెంటే వెళ్ళాయి. అప్పటి నుంచి ఏ బుడగ మీద చూపు నిలవాలో దానికి పేరు రాసి, మిగిలినవాటి రంగు తగ్గించిన తరువాతే ప్లే నొక్కుతున్నాను.

పాత మిత్రులకు గుర్తుండే ఉంటుంది, ఇలాంటి కదిలే చార్టులను ఒకప్పుడు గూగుల్‌విస్ ప్యాకేజీతో గీసేవాళ్ళం. అది ఫ్లాష్ అనే పాత బ్రౌజర్ ప్లగిన్ మీద నడిచేది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ముగియడంతో నా అయిదేళ్ళ పాఠాల్లోని చార్టులన్నీ బూడిదరంగు పెట్టెలయ్యాయి. ఏ చార్టు గీసినా దాని వెనుక పట్టికనూ కోడునూ విడిగా దాచుకోవడం అప్పుడు అలవాటైంది.

తుంగభద్ర

చివరిగా ఒకటి అడుగుతాను. బుడగలు సరైన కొలతకు వచ్చాక చిన్నవి పెద్దవాటి కింద దాగిపోతున్నాయి. జనాభా అవరోహణ క్రమంలో అమర్చి చూశాను, కొంతే మెరుగైంది. పైగా లక్షద్వీప్ 1 పిక్సెల్‌గా మిగిలింది, ఫోనులో వేలితో తాకడం అసాధ్యం. "సైజ్‌మిన్" పెట్టి కనీస పరిమాణం ఇవ్వమంటారా?

మల్లేశ్వరం_ఫిల్టర్‌కాఫీ

క్రమం సగమే పనిచేయడానికి కారణం రంగు. ప్రాంతాన్ని రంగుకు ఇచ్చినప్పుడు ప్లాట్లీ ప్రతి ప్రాంతాన్నీ వేరే పొరగా చేసి, ఒకదాని తరువాత ఒకటి గీస్తుంది. మీ అమరిక పొర లోపలే వర్తిస్తుంది. ముందు పొరలో ఉన్న చిన్న బుడగ మీద తరువాతి పొరలోని పెద్ద బుడగ పడక తప్పదు. రంగులను మార్కర్‌లోనే నేరుగా ఇచ్చి అంతా ఒకే పొరగా గీస్తే క్రమం నిలుస్తుంది కానీ, వివరణ పెట్టెలో ప్రాంతం పేరు నొక్కి చూపడం, దాచడం పోతుంది. నేనైతే పొరలనే ఉంచి, పారదర్శకత 0.6, అంచుకు 1 పిక్సెల్ తెల్ల గీత ఇస్తాను.

లెక్కల_బడి

సైజ్‌మిన్ వద్దు. పెన్నేరు గారు అంత శ్రమపడి తెచ్చిన 327 రెట్లను చిన్న బుడగల దగ్గర మళ్ళీ పాడు చేసినట్టే. వేలికి అందడం గురించి బెంగ అక్కరలేదు: ప్లాట్లీలో "హోవర్‌డిస్టెన్స్" అప్రమేయంగా 20 పిక్సెళ్ళు ఉంటుంది కనుక బుడగ మీదే తాకనక్కరలేదు, దాని దగ్గర్లో తాకితే చాలు.

సున్నపురాయి

తాకడం సరే, అక్కడ తాకవలసినది ఏదో ఉందని పాఠకుడికి ఎలా తెలుస్తుంది? తెల్ల నేపథ్యం మీద తెల్ల అంచుతో 1 పిక్సెల్ చుక్క కనిపించదు. కనీసం అంచును ముదురు బూడిదరంగుకు మార్చాలి.

తుంగభద్ర

అంచును ముదురు బూడిదరంగు చేసి ఇప్పుడే చూశాను. లక్షద్వీప్ ఒక సూది మొనలా కనిపిస్తోంది, పక్కన వేలు పెడితే "64 వేలు, అక్షరాస్యత 91.8 శాతం" అని పెట్టె తెరుచుకుంటోంది. సైజ్‌మిన్ తీసేశాను. జిల్లాల అంకెలు కూడటం మొదలుపెట్టాను. సోమవారం తరగతికి తెలంగాణ బుడగ విడిగా ఉంటుంది, వరంగల్ అమ్మాయికి ఈ రోజే చెప్పాను.